ముత్యం వాటర్ సర్వీసింగ్

ముత్యం తాడును బావిలోకి మూడోసారి వదిలాడు. చివర కట్టిన రాయి నీళ్లను తాకింది, ఇంకా కిందికి జారింది, అడుగున ఆగింది. పైకి లాగి తడిసిన ముళ్లు లెక్కపెట్టాడు. మూరకొక ముడి. ఐదు. తెల్లవారి చూసినప్పుడూ ఐదే, పళ్లు తోముకున్నాక చూసినప్పుడూ ఐదే. గంటలో బావి ఎక్కడికీ పోదని తెలుసు. కానీ చూడకుండా ఉండలేడు.

తాడు చుట్టి మేకుకు తగిలించి, పంపు దగ్గరికి వచ్చి బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు. వదులైందేమో అనిపించింది. బిగించాడు. ఇప్పుడు మరీ బిగిసిందేమో అనిపించి మళ్లీ కాస్త వదులు చేశాడు. పైపు పొడవునా చేత్తో తడుముకుంటూ నడిచాడు, ఎక్కడైనా ఉబ్బిందేమోనని. పైపు చివర నీళ్లు చిమ్మే ఇత్తడి గన్ను ఉంది. దాని మూతిలో ఇసుక రేణువు ఇరుక్కుందేమోనని ఒక కన్ను మూసి లోపలికి చూశాడు.

యాభై రెండేళ్ల మనిషి. పొట్టి. ఇరుకు చోట్ల దూరి దూరి భుజాలు ముందుకు ముడుచుకుపోయాయి. మోచేతుల కింద కాస్టిక్ సోడా చింది కాలిన తెల్లటి మచ్చలు, చిన్నప్పుడు పోసిన అమ్మవారి గుర్తుల్లా చెదురుమదురుగా ఉంటాయి. ఇరవై రెండేళ్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో గొట్టాలు తోమాడు. చెరుకు రసం కాచే పెద్ద పాత్రల్లో వందల గొట్టాలు ఉంటాయి. రసం మరిగి మరిగి వాటి లోపల గార పేరుకుంటుంది. పాత్ర చల్లారగానే అందులోకి దిగి, సోడా ఉడికించి, తీగ బ్రష్షుతో తోమి, నీళ్లు కొట్టి మళ్లీ మెరిసేట్టు చేయాలి. చెరుకు గానుగాడే నాలుగైదు నెలలు పని ఉంటుంది. మిగతా కాలం పిలుపు కోసం చూడాలి. సైరన్ కూస్తే ఆలస్యమైందని భయం, కూయకపోతే ఫ్యాక్టరీ మూశారని భయం. నిజానికి ముత్యానికి భయపడటం చేతనైనంత బాగా ఇంకే పనీ చేతకాదు. బిడ్డ గంగమణి పుట్టినప్పుడు భయం, ఆమెను భీమ్‌గల్‌లో ఇచ్చినప్పుడు భయం, అల్లుడు మంచివాడని తేలాక ఆ మంచితనం ఎన్నాళ్లుంటుందోనని భయం. కడుపులో మొదలై ఛాతీ దాకా వచ్చి కూర్చునే ఒక దడ. దానికి భార్య సాయవ్వ దగ్గర ఒకటే మందు ఉంది. "నీళ్లు తాగు" అంటుంది.

అలాంటి మనిషి, మోకాళ్లు పాత్రలోకి దిగనివ్వకపోయేసరికి, ఎవరూ ఊహించని పని చేశాడు. ఫ్యాక్టరీ వాళ్లు పాత సామాను వేలం వేస్తే అందులో నీళ్లు కొట్టే పంపు కొన్నాడు. ధర్పల్లిలో బావి ఎండిపోయిన ఒక రైతు అమ్ముకున్న ఆయిలింజను తెచ్చాడు. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు పక్కన బావి ఉన్న జాగా కిరాయికి తీసుకుని, లారీ ఎక్కేందుకు రాళ్లతో ర్యాంపు కట్టించాడు. ఫ్యాక్టరీ పని మానితే వచ్చిన ప్రావిడెంటు ఫండు మొత్తం అందులోకే పోయింది. రేకు మీద ఎర్ర రంగుతో 'ముత్యం వాటర్ సర్వీసింగ్' అని రాయించాడు. తన పేరు అంత పెద్దగా చూసి రెండు రోజులు రోడ్డు వైపు రాలేదు.

తెరిచి పదకొండు రోజులైంది. రెండు జీపులు, ఒక ట్రాక్టరు, ఒక డాక్టరు గారి స్కూటరు వచ్చాయి. మామూలు ఏడాదైతే అవి కూడా వచ్చేవి కావు. లారీలను కాలువలోకి దింపి క్లీనర్లే కడుక్కునేవారు. పోయినేడు వానలు ఎగ్గొట్టాయి, కాలువ నెర్రెలు బారింది. కాలువ ఎండింది కాబట్టే ముత్యం అవసరం పడింది. ఆకాశంలో ఒక మబ్బు తునక కనిపించినా అతని గుండె గుభేలుమంటుంది. వెంటనే, వాన పడొద్దని కోరుకున్నందుకు సిగ్గేస్తుంది. వాళ్ల బాపు ఎకరం పొలం మీద బతికి, ఆకాశం వైపు చూసి చూసి చచ్చిపోయినవాడు.

తొమ్మిదింటికి లారీ వచ్చింది. లతీఫ్ సేట్‌ది. సేట్‌కు నిజామాబాద్‌లో ఏడు లారీలు ఉన్నాయి. డ్రైవరు ముష్తాక్ ముప్పై ఏళ్లవాడు. మోర్తాడ్ నుంచి పసుపు కొమ్ములు తెచ్చి గంజ్ మార్కెట్‌లో దింపి నేరుగా ఇటు తోలుకొచ్చాడు. లారీ తొట్టి చెక్కలన్నీ పసుపే. మూలల్లో పసుపు దుమ్ము గుప్పెళ్ల కొద్దీ ఉంది. ముష్తాక్ కనుబొమ్మలు కూడా పచ్చగా ఉన్నాయి.

"మంచిగ కడుగు కాకా" అన్నాడు ముష్తాక్ దిగుతూ. "రేపు పొద్దుగాల బోధన్ల చక్కెర బస్తాలు ఎక్కియ్యాలె. బస్తాలకు పసుపంటితె గేటుకాడికెళ్లే ఎల్లగొడ్తరు. సేట్ నాలుగింటికి సూడనీకె వస్తడు."

"సేట్ ఏమన్న అన్నడా?"

"ఏమంటడు. మంచిగ కడిగితె ఏడు లార్లు నీకే అన్నడు. లేకుంటె లేదన్నడు."

"లేకుంటె లేదన్నడా?"

"అన్నడు" అని ముష్తాక్ రోడ్డవతల చాయ్ హోటల్ బెంచీ మీద పడుకోవడానికి వెళ్లాడు. రాత్రంతా నిద్ర లేనివాడు, పడుకోగానే నిద్రపోయాడు.

ఏడు లారీలు వస్తే బతుకు నడుస్తుంది. రాకపోతే పంపును మళ్లీ ఎవరికో అమ్ముకోవాలి, ఆ ధర్పల్లి రైతులాగే. ముత్యం ఆ రెండు మాటలను కాసేపు నోట్లో తిప్పుకుని, హ్యాండిలు తిప్పి ఇంజను స్టార్టు చేశాడు. బెల్టు కదిలింది. పైపు ఒక్కసారి గట్టిపడి చేతిలో గుంజుకుంది. గన్ను తిప్పగానే సన్నటి నీటిధార చెక్క మీద పడి పొగలా చెదిరింది. మూలల దుమ్మంతా పచ్చటి బురదై కిందికి జారింది. చక్రాలు, అడుగు భాగం, ఇనుప పట్టీలు అన్నీ సులువుగానే శుభ్రమయ్యాయి. కానీ తొట్టి చెక్కలు పచ్చగానే ఉన్నాయి. ధారను దగ్గరగా పెట్టి కొట్టాడు. చెక్క పీచు లేచింది తప్ప పసుపు పోలేదు.

అప్పుడు ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. ఎంత మొండి గారైనా సోడాకు లొంగుతుంది. బకెట్లో సోడా కలిపాడు, చేయి అలవాటుగా పాళ్లు చూసుకుంది. తొట్టిలోకి ఎక్కి నాలుగు వైపులా చెక్కలకు పట్టించి, నిలబడి చూశాడు.

చెక్కలు ఎర్రబడ్డాయి.

ముందు ఒక పలక, తర్వాత దాని పక్కది, తర్వాత అన్నీ. చీకట్లో చూస్తే నల్లగా కనిపించేంత ఎరుపు. గబగబా నీళ్లు కొట్టాడు. ఎరుపు పోలేదు, నీళ్లే ఎర్రబడ్డాయి. తొట్టి సందుల్లోంచి కారి, ర్యాంపు రాళ్ల మీదుగా జారి, మట్టిలో కాలువ కట్టి రోడ్డు మీదికి పోయాయి. ముత్యం తొట్టిలో నిలబడి, ఎర్రటి నీళ్లలో ఉన్న తన పాదాలను చూసుకున్నాడు. దడ ఛాతీ దాకా వచ్చి కూర్చుంది.

పాల క్యాన్లతో సైకిల్ మీద పోతున్న లింబయ్య ఆగాడు. ఆ రోడ్డున రోజూ పాలు పోసే మనిషి. నీళ్లను చూశాడు, లారీని చూశాడు.

"ఎవలిని గుద్దిండ్రు?" అన్నాడు మెల్లగా.

"ఎవలిని గుద్దలే. పసుపు" అన్నాడు ముత్యం.

"పసుపు ఎర్రగుంటదా?"

లింబయ్య సైకిల్‌కు స్టాండు వేశాడు. ఇంకో ఇద్దరు ఆగారు. పావుగంటలో పదిమంది అయ్యారు. చచ్చిపోయింది ముసలామె అని తేలింది. కాసేపటికి మామిడిపల్లి మూలమలుపు దగ్గర అని కూడా తేలింది. ఆమె నెత్తిన కట్టెల మోపు ఉందని ఒకాయన అన్నాడు. పోలీసులకు చెప్పాలా వద్దా అన్నదొక్కటే తేలలేదు. గోల విని ముష్తాక్ లేచి వచ్చాడు. అందరూ తనవైపే చూడటం చూసి బిత్తరపోయి, "నేనెవల్ని గుద్దలే" అన్నాడు. అడగకుండానే అలా అనేసరికి ఉన్న కాస్త అనుమానం కూడా పోయింది.

"కాకా, గిదేంది?" అన్నాడు ముష్తాక్ తొట్టిలోకి చూసి. "సేట్ నన్ను సంపుతడు."

ముత్యం బ్రష్షు పట్టుకుని ఒకే పలకను రుద్దుతూ ఉన్నాడు. ఎంత రుద్దితే అంత ఎర్రగా అవుతోంది. సేట్ వచ్చే వేళ దగ్గర పడుతోంది. బావిలో నీళ్లు తరిగి ఉంటాయి. ఎడమ చేయి గుంజుతోంది. గన్ను అంతసేపు పట్టుకుంటే గుంజదా మరి, అనుకున్నాడు.

మధ్యాహ్నం సద్ది పట్టుకుని సాయవ్వ వచ్చింది. నెత్తి మీద గంప, చేతిలో మూత పెట్టిన చెంబు. ఎండకు ముఖం ఎర్రబడింది. జనాన్ని మోచేత్తో పక్కకు జరిపి లారీ దాకా వచ్చింది. కారుతున్న నీళ్లలో వేలు ముంచి వాసన చూసింది.

"సోడా గలిపినవా?"

"గలిపిన."

"పసుపుల సున్నమేస్తె ఎర్రగైతదని నీకెర్కలేదా? బిడ్డ పెండ్లిల పారాణి ఎట్ల గలిపిన్నో నువ్వు సూడలేదా? సోడా గూడ గసొంటిదే."

ముత్యం చూశాడు. ఆ పెళ్లిలో భయపడుతూ చూశాడు కాబట్టి ఏం చూశాడో గుర్తులేదు.

"మరిప్పుడెట్ల?"

"పులుపు తగిలితె మల్ల మర్లుతది" అని సాయవ్వ చెంబు మూత తీసింది. లోపల ఇద్దరికీ సరిపోయే పచ్చిపులుసు ఉంది, ఉల్లిగడ్డ ముక్కలు తేలుతున్నాయి. ముత్యం అడ్డం చెప్పేలోపే దాన్ని ఎర్రటి పలక మీద పోసేసింది. పులుసు జారిన మేర ఎరుపు విరిగి పసుపుపచ్చ బయటపడింది, అది కూడా ముందున్నంత ముదురుగా లేదు. ఉల్లిగడ్డ ముక్కలు పలకకు అంటుకుని ఉండిపోయాయి. చూస్తున్న వాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. మామిడిపల్లి ముసలామె కట్టెల మోపుతో సహా అక్కడికక్కడే బతికిపోయింది. లింబయ్య కాస్త నిరాశగానే సైకిల్ ఎక్కాడు.

ముత్యానికి అప్పుడు తట్టింది. ఫ్యాక్టరీలో కూడా సోడాతో పని అయిపోదు. సోడా తర్వాత ఆసిడ్ నీళ్లు పోస్తారు, ఆ తర్వాతే మంచినీళ్లు. ఇరవై రెండేళ్లు చేసిన పని. ఈరోజు భయంలో సగమే గుర్తొచ్చింది.

"నేను రోజు జేసే పనే గద ఇది" అన్నాడు.

"జేసే పనే. దడవకుంట జెయ్యి" అంది సాయవ్వ.

ముష్తాక్ కిరాణం కొట్టు నుంచి చింతపండు బుట్టెడు తెచ్చాడు. కొత్త పంట, ఇంకా మెత్తగా ఉంది. సాయవ్వ అందులో సగాన్ని డ్రమ్ములో నానేసి మోచేతుల దాకా ముంచి పిసికింది. గోనెసంచి ముక్కలతో ముష్తాక్ ఒకవైపు, ముత్యం ఒకవైపు చెక్కలకు పట్టించారు. ఎరుపు పోయింది. సోడా చాలావరకు పసుపును లాగేసినట్టుంది, లేత పచ్చటి నీడ మాత్రమే మిగిలింది. ఇక మంచినీళ్లతో కడగాలి. మూడు వైపులు కడిగేసరికి పంపు గుటకలు మింగడం మొదలుపెట్టింది. నీళ్లకు బదులు గాలి పీలుస్తోంది. ముత్యం పరుగెత్తుకెళ్లి ఇంజను ఆపి తాడు వదిలాడు. ఒక ముడి తడిసింది, అదీ సగమే.

అప్పుడు మూడు కావొస్తోంది. చేసేది లేక బావి గట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. అడుగున ఎక్కడో రాళ్ల సందులోంచి ఊట కారుతున్న సన్నటి చప్పుడు వినిపిస్తోంది. సేట్ తొందరగా వస్తాడేమో. వచ్చి, నాలుగోవైపు చూస్తాడేమో. ఛాతీ మీద బరువు పెట్టినట్టుంది, నుదుటి మీద చెమట చల్లగా ఉంది.

"గట్లున్నవేంది?" అంది సాయవ్వ.

"దడ."

"నీళ్లు తాగు."

చెంబు అందుకున్నాడు. బావిలో ఇదీ ఒక చెంబే కదా అనుకుని సగం తాగి, మిగతాది మళ్లీ బావిలో పోశాడు.

నాలుగూ దాటింది. సేట్ రాలేదు. ఆ ఆలస్యం ముత్యానికి దేవుడిచ్చినట్టయింది. రెండు ముళ్లు ఊరాయి, నాలుగోవైపు కూడా కడిగాడు. ఎండకు చెక్కలు ఆవిర్లు కక్కుతూ ఆరాయి. ఐదింటికి లతీఫ్ సేట్ రిక్షాలో వచ్చాడు. భారీ మనిషి, తెల్లటి లాల్చీ. వస్తూనే తొట్టి వెనక తలుపు ఎక్కి నిలబడి, జేబులోంచి తెల్ల రుమాలు తీసి పలకను ఆ చివర నుంచి ఈ చివరకు తుడిచాడు. రుమాలు వెలుతురుకు పెట్టి చూశాడు. రుమాలు తెల్లగానే ఉంది.

సేట్ ముక్కు ఎగబీల్చాడు. పలకల సందులోంచి వేళ్లతో ఏదో పీకి తీశాడు.

"ఇదేంది ముత్యం?"

"ఉల్లిగడ్డ, సేట్. పచ్చిపులుసుది."

సేట్ ఆ ముక్కను, ముత్యాన్ని మార్చి మార్చి చూశాడు. "లారీకి అన్నం గూడ పెట్టినవా?" అన్నాడు. పెదాలు కొంచెం కదిలాయి. "పని బరాబర్ ఉన్నది. రేపటిసంది దినానికొకటి పంపుత. ముష్తాక్, గంజ్‌ల ఇంకోటి ఖాలీ అయింది, దాన్ని గూడ తెచ్చి ఈడ వెట్టు. తొందరేం లేదు, రేపు కడుగుతడు."

అంతే. రిక్షా వెళ్లిపోయింది. ముత్యం చేతులు జోడించి నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు. సాయవ్వకు సంతోషమైంది. ఆ సంతోషంలో ఆకలి గుర్తొచ్చింది, పొద్దుటి నుంచి ఇద్దరూ ఏమీ తినలేదు, గంపలోని సద్ది ఎండకు పాడైంది. రొట్టెలు చేసి పెడతానని గంప ఎత్తుకుంది.

"నువ్వు గూడ రా. రేపు కడుగుదువు తియ్."

"లారీ రానియ్. ఒక్క పక్క కడిగి వస్త."

"పొద్దు మునుగక ముందు రా" అని ఆమె వెళ్లింది.

ముష్తాక్ మొదటి లారీని తీసుకెళ్లి రెండోదాన్ని తెచ్చి ర్యాంపు ఎక్కించాడు. ఇదీ మోర్తాడ్ పసుపుదే. ముత్యం ఈసారి ఆగి ఆలోచించలేదు. సోడా, దాని వెనక చింతపండు, దాని వెనక నీళ్లు. కుడివైపు చెక్కలు ఎర్రబడ్డాయి, మళ్లీ మామూలయ్యాయి, కడగగానే తేటగా బయటపడ్డాయి. చేయి అడగకుండానే పని చేసుకుపోతోంది. దడ మాత్రం దిగలేదు. పని కుదిరింది కదా, ఇంకా ఎందుకు కూర్చున్నావని దాన్నే అడిగాడు. ఏడు లారీలకు నీళ్లెక్కడివని కొత్త భయం పట్టుకుని ఉంటుంది అనుకున్నాడు. తనకు అలవాటైన మనిషిని గుర్తుపట్టినట్టు అనిపించి కొంచెం నవ్వొచ్చింది కూడా.

కుడివైపు పూర్తయ్యేసరికి పంపు మళ్లీ గాలి పీల్చింది. గన్ను కట్టేశాడు. ఇంజను ఆపాడు. పైపును చుట్టగా చుట్టి, ఊట కోసం బావి గట్టుకు ఆనుకుని కూర్చున్నాడు.

చాయ్ హోటల్ బెంచీ మీద నుంచి ముష్తాక్ రెండుసార్లు ఇటు చూశాడు. మధ్యాహ్నం కూడా ఆ మనిషి అట్లానే బావికి ఆనుకుని కూర్చోవడం చూశాడు. నీళ్లు ఊరడానికి టైము పడుతుందిలే అనుకున్నాడు. తన చాయ్ తాగాక ఇంకో కప్పు తీసుకుని రోడ్డు దాటాడు.

"కాకా, చాయ్" అన్నాడు.

కప్పు గట్టు మీద పెట్టి, వంగి భుజం మీద చేయి వేశాడు. ముత్యం తల పక్కకు వాలిపోయింది, ఊపిరి లేదు. తర్వాత పక్కనే కూర్చుండిపోయాడు.

సాయవ్వ కోసం మనిషి వెళ్లాడు. ఆమె వచ్చింది, పిండి చేతులతోనే వచ్చింది. ఏడవలేదు ముందు. అతని ముఖం రెండు చేతులతో పట్టుకుని, "దడ అంటివి గద, దడనే అంటివి గద" అని అడిగింది, ఇంకా జవాబు చెప్పే మనిషిని అడిగినట్టు. అప్పుడు ఏడ్చింది. ముష్తాక్, హోటల్ ఆయన, ఇంకో నలుగురు కలిసి మంచం తెచ్చి అతన్ని ఇంటికి మోసుకెళ్లారు. రోడ్డు మీది లారీలు వాళ్ల కోసం ఆగి, మళ్లీ కదిలాయి.

ర్యాంపు మీద లారీని తీయడం ఆ సాయంత్రం ఎవరికీ గుర్తు రాలేదు. కుడివైపు చెక్కలు ఆరిపోయి శుభ్రంగా ఉన్నాయి, ఎడమవైపు చెక్కల నిండా మోర్తాడ్ పసుపు అలాగే ఉంది.